మట్టిలో చెయ్యి పెట్టిన దేవుడు

వారమంతా మోటారు సైకిలు మీద

పాస్టరు పని అంటే ఆదివారం ప్రసంగం అనుకుని ఈ దారిలోకి వచ్చేవాళ్ళు మొదటి ఏడాదిలోనే నీరసపడిపోతారు. ప్రసంగం ముప్పావుగంట. మిగతా వారమంతా మోటారు సైకిలు మీదే గడుస్తుంది. టెక్కలిలో పెళ్ళి మాటలు, పలాసలో ఆసుపత్రి మంచం పక్కన ప్రార్థన, వజ్రపుకొత్తూరు దారిలో పంక్చరు, అక్కుపల్లి ఒడ్డున ఎవరో బలవంతం చేసి పెట్టిన చేపల పులుసు. నా ఉద్యోగం ఇది. నేను ఏ ఊరి నుంచి ఏ ఊరికి బదిలీ అయ్యానో, ఏ కమిటీలో కూర్చున్నానో చెప్పుకుంటూ పోతే చదివేవాళ్ళకు నిద్ర వస్తుంది. అవి వదిలేస్తున్నాను.

కొత్తగా పరిచర్యకు వచ్చిన పిల్లలు నన్ను అడుగుతుంటారు, ఇన్నేళ్ళలో ఏ భాగం మీద ఎక్కువ సార్లు మాట్లాడారని. సిలువ అంటాననో, కొండమీది ప్రసంగం అంటాననో ఎదురు చూస్తారు. నేను బైబిలులో మొదటి రెండు పేజీలు, దేవుడు లోకాన్ని చేసిన కథ, అంటాను. వాళ్ళ ముఖాలు చిన్నబోతాయి. అది సండే స్కూలు పాఠం కదా అన్నట్టు చూస్తారు.

నేనూ ఒకప్పుడు అలాగే చూశాను. బైబిలు కాలేజీలో ఆ రెండు పేజీల మీద మాకు పెద్ద యుద్ధమే జరిగేది. ఆరు రోజులంటే ఆరు రోజులేనా, ఒక్కో రోజు ఒక్కో యుగమా? సూర్యుడు నాలుగో రోజున వస్తే మొదటి రోజు సాయంత్రం ఎలా అయింది? రెండు జట్లుగా విడిపోయి గొంతులు పోయేలా వాదించుకునేవాళ్ళం. ఆ వాదనలన్నీ మూట కట్టుకుని ఉద్దానం వచ్చాను. కొబ్బరి తోటల్లో, జీడి తోటల్లో, సముద్రపు ఒడ్డున, ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. ఎవరూ అడగలేదు. కాలేజీ పిల్లలు అప్పుడప్పుడూ అడిగేవారు. వాళ్ళతో నేను ఒకటే చెప్పేవాణ్ణి: ఈ లోకం ఎలా తయారైందో, ఎంత కాలం పట్టిందో మీ సైన్సు మాస్టారు చెబుతారు, శ్రద్ధగా వినండి. ఇది ఎవరిదో, చేసినవాడు దీన్ని చూసి ఏమన్నాడో ఈ పేజీ చెబుతుంది, ఇదీ వినండి. దీన్ని ఒప్పుకోని పాస్టర్లు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వాళ్ళూ మంచివాళ్ళే. కానీ ఆ వాదనలో గెలిచి ఎవరూ విశ్వాసంలోకి రావడం నేను చూడలేదు.

మరి ఆ రెండు పేజీలు ఎందుకంత ముఖ్యం? అది నాకు కాలేజీలో అర్థం కాలేదు. రాహేలమ్మ, యాకోబు అనే ఇద్దరి పెళ్ళి చేయవలసి వచ్చినప్పుడు అర్థమైంది. అందుకని ఆ పెళ్ళి కథే చెబుతాను.

రాహేలమ్మ ప్రశ్న

రాహేలమ్మ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని చేసేది. జీడిపిక్క తొక్కలో ఉండే నూనె చేతికి అంటితే చర్మం నల్లబడిపోతుంది, ఎంత తోమినా పోదు. సంఘంలో చేతులు జోడించి నిలబడ్డ ఆడవాళ్ళలో ఎవరు ఏ పని చేస్తారో వేళ్ళు చూసి చెప్పేయవచ్చు.

ఆమె భర్తకు కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఆ మాట వినని ఇల్లు లేదు. కొన్నేళ్ళు డయాలసిస్‌కు తిప్పింది. అతను పోయాడు. పిల్లలు లేరు. ఇంట్లో కూర్చుని ఏడుస్తుందని మేమంతా అనుకుంటుంటే, సమాధి కార్యక్రమమైన పై వారమే మా ఇంటికి వచ్చి నా భార్య కరుణను అడిగింది.

"అమ్మగారూ, మీరు ఆసుపత్రికి ఎల్లినప్పుడు నన్నూ తీసుకెల్లండి. ఆ మంచాల కాడ కూకోడం నాకు అలవాటయిపోనాది. ఇంట్లో ఉంతే తోచట్లేదు."

అలా ప్రతి వారం కరుణతో పాటు డయాలసిస్ వార్డుకు వెళ్ళడం మొదలుపెట్టింది. మా సంఘం వాళ్ళా, బయటివాళ్ళా అని చూసేది కాదు. నిద్రపోయేవాళ్ళ దుప్పటి సర్దేది. మాట్లాడాలనుకునేవాళ్ళతో మాట్లాడేది. మాట్లాడకూడదనుకునేవాళ్ళను కూడా మాట్లాడించేది.

ఆమె నోరు పెద్దది. ఒకసారి ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో సృష్టి గురించి చెబుతున్నాను. ఏడో రోజున దేవుడు విశ్రమించాడు అనగానే వెనక నుంచి గొంతు లేచింది.

"దేవుడికి కూడా అలుపొచ్చిందేటి అయ్యగారూ?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వి అన్నాను, "అలుపు కాదమ్మా. ముగ్గు పెట్టడం అయ్యాక నువ్వు వెంటనే లోపలికి పోతావా? ఒక అడుగు వెనక్కి వేసి నిలబడి చూసుకోవా?"

"సూసుకుంతాను."

"ఆయనా అంతే. చేసినదాన్ని చూసుకోవడానికి ఆగాడు."

రాహేలమ్మ పక్కనున్న ఆవిడతో గట్టిగానే అంది, "మన మేస్త్రికి ఎవలైనా సెప్పండే ఈ మాట. పిక్కలు కొట్టేక కాసేపు సూసుకోనిమ్మని!"

ఇక ఆ రోజు ప్రార్థన కూటం ముందుకు సాగలేదు.

అద్దె కొంప

యాకోబుది అక్కుపల్లికి ఎగువన కొబ్బరి తోటల మధ్య చిన్న ఊరు. చెట్టెక్కి కాయలు దింపడం అతని పని. ఎంత ఎత్తు చెట్టయినా పాట పాడుకుంటూ ఎక్కేవాడట. నేను చూసేనాటికి యాభై దాటాయి. భార్య చనిపోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు సువార్త, టెక్కలిలో కాపురం, అక్కడే బట్టలు కుట్టేది. ఇతను ఒంటరిగా ఉండేవాడు. కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయి. పలాస బస్సెక్కి డయాలసిస్‌కు వచ్చి వెళ్ళేవాడు.

ఒకసారి వార్డులో అతని మంచం ఖాళీగా కనిపించింది. తరువాతి వంతుకు కూడా రాలేదు. రాహేలమ్మ నా దగ్గరకు పరుగున వచ్చింది.

"అయ్యగారూ, యాకోబు రాటంనేదు. మా ఆయన కూడా ఇలగే మానేసినాడు ఒకసారి. ఒగ్గేత్తే ఎల్లిపోతాడు. బండి తీయండి."

నేనూ కరుణా మోటారు సైకిలు మీద, రాహేలమ్మ బస్సులో వెళ్ళాం. యాకోబు పెంకుటింటి అరుగు మీద పడుకుని ఉన్నాడు. కాళ్ళు, ముఖం వాచిపోయాయి. ఆయాసపడుతున్నాడు. కానీ ముఖంలో ఒక చిత్రమైన ప్రశాంతత. అది చూసి నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ ప్రశాంతత ఎక్కడ నుంచి వచ్చిందో ఊహించగలను. ఆ నెలలో దగ్గర ఊళ్ళో పెద్ద పందిరి వేసి ఉజ్జీవ కూటాలు జరిగాయి. బయట నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు.

"ఇది అద్దె కొంపండి అయ్యగారూ," అన్నాడు యాకోబు తన గుండె మీద చెయ్యి వేసుకుని. "కాళీ సేసీమంతన్నాడు దేవుడు. సంతోసంగా సేసేత్తన్నాను. ఒల్లుదేటుంది, గుడ్డ పేలిక. ఆత్మ ముక్యం."

పిల్లలూ, ఈ మాట మీరు రేపు వంద ఇళ్ళలో వింటారు. భక్తిలాగే ఉంటుంది. భక్తి కాదు. విసుగెత్తిన మనిషి చేతికి దేవుడి పేరుతో ఎవరో ఇచ్చిన సాకు. నేను కోపం మింగుకుని అరుగు మీద కూర్చున్నాను.

"యాకోబూ, దేవుడు వెలుగును ఎలా చేశాడు?"

"మాటతోటి."

"సముద్రాన్ని?"

"మాటతోటే."

"చెట్లను, చేపలను, చుక్కలను?"

"అన్నీ మాటతోటే కదండి."

"మరి మనిషిని?"

కరుణ అందుకుంది. "మట్టితో. చేత్తో పిసికి చేశాడు. ముక్కు దగ్గర నోరు పెట్టి ఊపిరి ఊదాడు."

"అద్దె కొంపకి ఎవడైనా సొంత చేత్తో గోడ మెత్తుతాడా యాకోబూ?" అన్నాను. "సొంతిల్లయితేనే కదా మట్టిలో చెయ్యి పెడతాడు. ఇది నీది కాదన్నావు, నిజమే. కానీ అద్దెదీ కాదు. చేసినవాడి సొంతం. ఖాళీ చెయ్యమని ఆయన చెప్పలేదు. పందిట్లో మైకు పట్టుకున్నాయన చెప్పాడు."

యాకోబు మోచేతి మీద కొంచెం పైకి లేచాడు. అప్పుడు అతను అడిగిన ప్రశ్న నా ఉద్యోగంలో నన్ను అందరికంటే ఎక్కువ ఇరకాటంలో పెట్టింది.

"ఆయన సేత్తో సేసినవే అయితే, నా కిడ్నీలు ఎందుకు పాడయినాయి అయ్యగారూ?"

ఇక్కడ పాస్టర్లు చాలామంది తడబడి నీ పాపమనో, నీ తండ్రి పాపమనో, శోధన అనో ఏదో ఒకటి అనేస్తారు. అనకండి. "నాకు తెలియదు యాకోబూ," అన్నాను. "ఎందుకు పాడయ్యాయో ఈ పేజీలో రాయలేదు. నువ్వు ఎవరివో రాసి ఉంది. పాడయినా నువ్వు ఆయనవే. యేసు ప్రభువు లేచి వచ్చినప్పుడు ఒళ్ళు వదిలేసి రాలేదు. గాయాలతో సహా అదే ఒంటితో వచ్చాడు. ఒళ్ళు పారేసేదే అయితే ఆయనకు ఆ పని ఎందుకు?"

అప్పటికి రాహేలమ్మ బస్సు దిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపలికి కూడా రాకుండా అడిగింది.

"మాటలయిపోనాయా? ఆటో పిలిచీసినాను. నడిసొత్తావా, లాక్కెల్లమంతావా?"

యాకోబు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. "ఈవిడెవలండి?" అన్నాడు నీరసంగా.

"వార్డులో నీ పక్క మంచం కాడ వారం వారం వాగేదాన్నే. కల్లు మూసుకుని పడుకున్నావు, నన్నెలగ సూత్తావు?"

ఆటోలో ఆమె అతని పక్కనే కూర్చుంది. ఆ సాయంత్రం డయాలసిస్ అయ్యాక అతని ముఖంలో వాపు తగ్గడం చూసి, వార్డు బయటకు వచ్చి కరుణ భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది.

"నువ్వే సెప్పు"

ఆ తరువాత చాలాసార్లు రాహేలమ్మే అతని మందుల సంచి పట్టుకుని బస్సులో పక్కన కూర్చుని వచ్చేది. తరువాతి వానాకాలం వెళ్ళాక ఒక పొద్దున ఇద్దరూ కలిసి మా ఇంటికి వచ్చారు. యాకోబు ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కుర్చీ అంచున కూర్చుని టోపీ లేని తలను టోపీ సర్దుకున్నట్టు సర్దుకుంటున్నాడు.

"ఏమిటి యాకోబూ, ఏదో చెప్పాలని వచ్చినట్టున్నావు?"

"ఏటీ నేదండి." రాహేలమ్మ వైపు తిరిగి, "నువ్వే సెప్పు."

"నానెందుకు సెప్తాను? అడిగినోడివి నువ్వు."

"నానడిగినాను, నువ్వు ఒప్పుకున్నావు. ఒప్పుకున్నోలే సెప్పాలి."

వంటింట్లో కరుణ నవ్వు ఆపుకోలేక గిన్నె కింద పడేసింది. ఆ చప్పుడుకు రాహేలమ్మకు ధైర్యం వచ్చినట్టుంది.

"పెల్లి సేసుకుంతామండి అయ్యగారూ. సంఘంలో, అందరి ముందరా. సాటుగా ఉండడం నాకిష్టం నేదు."

నాకు సంతోషమైంది. భయం కూడా వేసింది. "రాహేలమ్మా, అతని ఆరోగ్యం నీకు నాకంటే బాగా తెలుసు. ఇదివరకు ఒకసారి ఈ బాధ పడ్డావు."

"తెలుసండి. ఎన్నాల్లుంతాడో నాకు తెల్దు, ఆయనకి తెల్దు. మీరెన్నాల్లుంతారో మీకు తెలుసేటి?" అంది. తరువాత కొంచెం మెత్తగా, "ఉన్నన్నాల్లూ ఒక్కడే అరుగు మీద కూకోకూడదండి మనిసి" అంది.

ఛైర్మన్ గారు

పాస్టర్ల మీద పై అధికారులు ఉంటారు. మా ప్రాంతపు సంఘాలన్నిటికీ ఛైర్మన్ ఫిలేమోను గారు. సమాధి కార్యక్రమం ఎలా చేయాలో, ఏడుస్తున్న ఇంట్లో ఎంతసేపు ఉండాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో నాకు నేర్పింది ఆయనే. తుఫాను వస్తే తన ఇంటి తలుపులు తీసి ఊరి జనాన్ని లోపల పెట్టుకున్న మనిషి. కానీ సంఘం పరువు అన్న మాట వచ్చేసరికి ఆయన గుండె ఇనుపపెట్టె అయిపోయేది. మంచి మనుషులైన అధికారులు మీకూ దొరుకుతారు. వాళ్ళతో వాదించడం చెడ్డవాళ్ళతో వాదించడం కంటే కష్టం.

ఈ పెళ్ళి మాట విని, ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దల కూటం పెట్టించారు. ఛైర్మన్ గారు సూటిగా విషయానికి వచ్చారు.

"పెళ్ళి దేనికయ్యా? పిల్లల కోసం. కుటుంబం కోసం. ఈ వయసులో, ఆ జబ్బుతో ఏమిటీ వేషం? ఊరు నవ్వదూ? ఆమె అక్కలాగా సేవ చెయ్యనీ, ఎవరు వద్దన్నారు?"

"అయ్యగారూ, ఒక్క మాట అడగనివ్వండి," అన్నాను. "బైబిలులో దేవుడు మొట్టమొదట మంచిది కాదు అన్నది దేన్ని?"

"పాపాన్ని," అన్నారు పెద్దల్లో ఒకరు.

"కాదండీ. పాపం మూడో అధ్యాయంలో కదా వచ్చింది. రెండో అధ్యాయంలో ఇంకా పాము రాలేదు, పండు కొయ్యలేదు. తోట బాగుంది, నదులు బాగున్నాయి, దేవుడే పక్కన తిరుగుతున్నాడు. అయినా ఒకటి మంచిది కాదన్నాడు. మనిషి ఒంటరిగా ఉండడం. పిల్లలు లేరనలేదు. ఒంటరిగా ఉన్నాడన్నాడు. నేను ఉన్నాను కదా, నీకు ఇంకెవరూ ఎందుకు అని కూడా అనలేదు."

ఛైర్మన్ గారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"అది ఆదాము సంగతి. కుర్రవాడు."

"ఆదాము వయసు రాయలేదండి," అన్నాను. పెద్దలు నవ్వారు. ఛైర్మన్ గారు నవ్వలేదు.

"నీతో వచ్చిన చిక్కు ఇదే. ఎప్పుడు చూసినా సృష్టి, మట్టి, తోట. మనం క్రైస్తవులం. మనకు సిలువ ముఖ్యం, రక్షణ ముఖ్యం. మొదటి పేజీ దగ్గరే కూర్చుంటే చివరి పేజీకి ఎప్పుడు వెళ్తావు?"

అది న్యాయమైన ప్రశ్న. ఏళ్ళ తరబడి నాలో నేను వేసుకున్న ప్రశ్న కూడా. మా పెద్దల్లో అక్కుపల్లి నుంచి వచ్చిన ఒకాయన చేపల వేట చేసే గంగపుత్రుల ఇళ్ళ మధ్య పెరిగినవాడు. ఆయన వైపు తిరిగి అడిగాను.

"మావయ్యా, వల తెగి పోటు మీదున్న సముద్రంలోకి కొట్టుకుపోతే దాని కోసం ఎవరు దిగుతారు?"

"ఎవలు దిగుతారు? ఆ వల అల్లుకున్నోడే దిగుతాడు. పరాయోడు ఒడ్డున నిలబడి అయ్యో అంతాడు, ఇంటికెల్లిపోతాడు."

"అంతేనండి ఛైర్మన్ గారూ," అన్నాను. "సిలువ మీద ఉన్నది ఎవరని అడిగితే, దారిన పోయే దయగల మనిషి అని మన విశ్వాసం చెప్పదు. సమస్తమూ ఎవరి ద్వారా కలిగిందో ఆయనే అంటుంది. తన చేత్తో అల్లుకున్నది తెగిపోయింది కాబట్టి దిగాడు. మొదటి పేజీ తీసేస్తే ఆయన పరాయివాడు అయిపోతాడు. పరాయివాడు మన కోసం ఎందుకు చస్తాడు? చచ్చినా మన ఆత్మలను మాత్రం ఏరుకుని, మిగతాది తగలబెట్టి పోతాడు. సొంతవాడైతే ఒళ్ళూ కావాలంటాడు, ఊరూ కావాలంటాడు, చివరి పేజీలో కొత్త భూమి కూడా కావాలంటాడు. యాకోబు మూత్రపిండాలు కూడా ఆయన లెక్కలో ఉంటాయి. అతని ఒంటరితనమూ ఉంటుంది."

ఛైర్మన్ గారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. చివరకు, "కూతురు ఏమంటోంది?" అని అడిగారు. "ఆమె ఒప్పుకోకుండా నేను ఒప్పుకోను."

కుటుంబంలో చీలిక తెచ్చి పెళ్ళి చేయడం నాకూ ఇష్టం లేదు. ఆ విషయంలో ఆయనదే సరైన మాట.

టెక్కలిలో టేపు

సువార్త ఒప్పుకోలేదు. నేను రెండుసార్లు వెళ్ళాను. మంచినీళ్ళు ఇచ్చింది, కుట్టుమిషను ఆపలేదు. మూడోసారి రాహేలమ్మ, "మీరు బయట కూకోండి, నాను మాటాడతాను" అంది. కానీ ఆ దుకాణం ఒకటే గది. బయట కూర్చున్నా అన్నీ వినిపించాయి.

"ఏటి మాటాడతావు నాతోటి?" అంది సువార్త. "మా అమ్మ ట్రంకుపెట్టె ఆ ఇంట్లో ఉంది. అమ్మ సీరలున్నాయి అందులో. రేపొద్దున్న అవి నువ్వు కట్టుకుని తిరిగితే నాను సూడాలేటి?"

మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఆ పెట్టె నానిప్పటిదాకా ముట్టుకోనేదమ్మా," అంది రాహేలమ్మ. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడగలదని నాకు అప్పటిదాకా తెలియదు. "మీ అమ్మ సీరలు మీ అమ్మవి. నువ్వు తెచ్చీసుకో, నీ కూతురికి ఒగ్గు. నాకు మీ నాన్న మందుల సంచి సాలు. అది పట్టుకుని బస్సులో పక్కన కూకుంతాను. అంతకంటె నాకేటీ అక్కర్నేదు."

ఉండబట్టలేక తల తిప్పి చూశాను. సువార్త ముఖం చేతుల్లో దాచుకుని ఏడుస్తోంది. రాహేలమ్మ తన నల్లటి వేళ్ళతో ఆమె తల నిమరబోయి, ఆ వేళ్ళు తగిలితే అసహ్యపడుతుందనుకుందో ఏమో, చెయ్యి వెనక్కి తీసుకుంది. సువార్త ఆ చెయ్యి పట్టుకుని తల మీద పెట్టుకుంది.

కాసేపటికి లేచి ముక్కు తుడుచుకుని, మెడలో వేలాడుతున్న టేపు తీసింది.

"నిలబడు. సేతులు పైకెత్తు."

"ఎందుకే?"

"పెల్లికి ఆ పాత జాకెట్టు ఏసుకుంతావేటి? కొలత తీసుకుంతాను. కదలకు."

నేను బయట కూర్చుని నా మోటారు సైకిలు అద్దం తుడవడం మొదలుపెట్టాను. అద్దం శుభ్రంగానే ఉంది.

డయాలసిస్ పెట్టిన ముహూర్తం

మాకు ముహూర్తాలు లేవని గొప్పగా చెప్పుకుంటాం. ఈ పెళ్ళికి డయాలసిస్ మిషను ముహూర్తం పెట్టింది. డయాలసిస్ అయిన మర్నాడు మనిషి కొంచెం తేలికగా ఉంటాడు కాబట్టి ఆ రోజే ఖాయం చేశాం. వార్డు నర్సు ఆహ్వాన పత్రిక అందుకుని, పెళ్ళికొడుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగవచ్చో చెప్పి, నమ్మకం లేక తానే వచ్చి కూర్చుంది.

ఊరంతా వచ్చింది. నవ్వుతారని ఛైర్మన్ గారు భయపడ్డారు కదా, నిజంగానే నవ్వారు. కానీ అది వేరే నవ్వు. యాకోబు ఒకప్పుడు కాయలు దింపిన తోటల రైతులు పందిరికి ఆకులు, గెలలు పంపారు. అక్కుపల్లి మత్స్యకారులు, వాళ్ళు మా సంఘం వాళ్ళు కారు, వాళ్ళ దేవతకు వాళ్ళు మొక్కుకునేవాళ్ళు, తెల్లవారుజామున పడిన చేపలు బుట్టలతో తెచ్చి వంటవాళ్ళ ముందు దించారు. "యాకోబు మావ పెల్లి, మేం రాకపోతే ఎలగ?" అన్నారు. జీడి ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వరసగా వచ్చి ముందు బల్లలన్నీ ఆక్రమించేశారు. డప్పులు మోగుతుంటే సువార్త కొత్త జాకెట్టు వేసుకున్న రాహేలమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

ఛైర్మన్ గారు రారనుకున్నాను. ప్రార్థన మొదలుపెట్టబోతుంటే గుమ్మం దగ్గర కలకలం. ఆయన తెల్ల చొక్కాలో లోపలికి వచ్చారు. వెనక బల్ల మీద కూర్చోబోయి, మనసు మార్చుకుని ముందుకు నడిచి వచ్చి నా చేతిలో బైబిలు తీసుకున్నారు.

"వాక్యం నేను చదువుతాను," అన్నారు.

రెండో అధ్యాయం తీశారు. తోట గురించి, మట్టి గురించి, ఒంటరివాడైన మనిషి గురించి, దేవుడు అతని దగ్గరకు స్త్రీని తీసుకురావడం గురించి చదివారు. ఆయనది సమాధుల దగ్గర మోగే గంభీరమైన గొంతు. ఆ గొంతులో ఈ మాటలు నేను ఎప్పుడూ వినలేదు. నా ఎముకల్లో ఎముక అని ఆదాము సంతోషంతో కేక వేసే చోటికి వచ్చేసరికి వేలు ఆ వరుస మీదే ఉంచి ఆగారు. ఆయన భార్య పోయి అప్పటికి చాలా కాలమైందని, ఆ పెద్ద ఇంట్లో ఆయన ఒక్కరే ఉంటారని నాకు ఆ క్షణంలోనే తట్టింది. యాకోబు మెల్లిగా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఛైర్మన్ గారు ఊపిరి తీసుకుని మిగతాది పూర్తి చేశారు.

భోజనాల దగ్గర చేపల కూర రెండుసార్లు వేయించుకుని, చెయ్యి కడుక్కుంటూ నాతో, "ఈసారికి సరే. దీన్ని అలవాటు చెయ్యకు" అన్నారు. నేను తల ఊపాను. తరువాత అలాంటి పెళ్ళిళ్ళు ఇంకొన్ని చేశాను. వేటికీ ఆయన అడ్డు చెప్పలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు

మీరు చదువుకుని వస్తారు. మంచిదే. కానీ మొదటి రెండు పేజీలను తలుపు దగ్గర చెప్పుల్లాగా వదిలేసి లోపలికి వెళ్ళకండి. ఆ పేజీలు లేకపోతే పాపం చెడగొట్టడానికి అసలు ఏ మంచీ ఉండదు. రక్షణ అంటే పారిపోవడమే అవుతుంది. పునరుత్థానానికి అర్థం ఉండదు. పిక్కలు కొట్టే చేతులకు, పనిచేయని కిడ్నీలకు, ఒంటరి అరుగులకు మీ దగ్గర చెప్పడానికి ఓదార్పు తప్ప ఇంకేమీ మిగలదు. ఓదార్పు మంచిదే, కానీ అది చాలదు. మనిషికి తాను ఎవరి చేతి పనో చెప్పాలి.

ఇంకో మాట. సంతోషం చెప్పడానికి సిగ్గుపడకండి. మనం ఏడుపుల దగ్గర ఎక్కువ నిలబడతాం కాబట్టి మన ముఖాలే ఏడుపుగా మారిపోతాయి. దేవుడు చేస్తూ చేస్తూ మధ్య మధ్యలో ఆగి బాగుంది అనుకున్నాడని రాసి ఉన్న మతం మనది.

మొన్న కరుణా నేనూ యాకోబు వాళ్ళ ఊరు వెళ్ళాం. అతను ఇప్పటికీ వంతు తప్పకుండా డయాలసిస్‌కు వెళ్తున్నాడు. కొన్ని వారాలు బాగుంటాయి, కొన్ని ఉండవు. సన్నబడ్డాడు. రాహేలమ్మ ఫ్యాక్టరీ పని మానేసి ఇంటి వెనక కూరగాయలు వేసింది. మధ్యాహ్నం భోజనానికి కూర్చోబెట్టింది. మాకు ఉప్పు వేసిన కూర వేరే గిన్నెలో పెట్టింది. యాకోబుకు ఉప్పు లేనిది. తనకూ అదే వడ్డించుకుంది.

"ఈవిడ కూడా ఇదే తింతాదండి నాతోటి," అన్నాడు యాకోబు. "వద్దు, నువ్వు ఉప్పేసుకో అంతే ఇనదు. ఇద్దరికీ సప్పిడే."

కరుణ మా గిన్నె పక్కకు జరిపి, ఉప్పు లేని కూర నా కంచంలో, తన కంచంలో వేసింది. నలుగురం తిన్నాం. రాహేలమ్మ నా ముఖంలోకి చూసి అడిగింది.

"ఎలగుంది అయ్యగారూ?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నాను ముద్ద మింగుతూ.

యాకోబు కంచం పక్కన పెట్టి, పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు. "పాస్టరుగారయ్యుండి, అన్నం ముందర కూకుని అబద్దమాడేత్తన్నారేటండీ!"